ఎదురుగాలియు ఎత్తుబాటయు

గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆరవ అధ్యాయమును నిదానముగా చదువువాడు ఒకచోట తప్పక ఆగిపోవును. రెండవ వచనములో అపొస్తలుడు, నీ సహోదరుని నెత్తిమీది భారమునకు నీవును భుజము పట్టుమనుచున్నాడు. అటుపిమ్మట నాలుగు పంక్తులు దాటకమునుపే, ఐదవ వచనములో, ఎవని మూట వానిదే, దానిని వాడే మోసికొని పోవలెననుచున్నాడు. ఒకే చేతితో, ఒకే సిరాతో వ్రాసిన ఈ రెండు మాటలు ఎట్లు కలియును? పండితులు దీనికొక సమాధానము చెప్పుదురు. గ్రీకు మూలములో ఆ రెండుచోట్ల రెండు వేరువేరు మాటలున్నవి. మొదటిది మనుష్యుని క్రుంగదీయు గొప్ప భారము, రెండవది ఒక్కొక్కనికి వాని పాలుగా కట్టి యిచ్చిన మూట. మన తెలుగు బైబిలును సిద్ధపరచినవారును ఒకచోట భారములనియు, మరియొకచోట బరువనియు మాట మార్చియే వ్రాసిరి. సమాధానము మంచిదే. అయితే మాట వేరైనంత మాత్రమున మనస్సు నెమ్మదించునా? పొరుగువాని యింట కష్టము వచ్చినపుడు, ఇది భుజము పట్టవలసిన భారమా, లేక వాడే మోయవలసిన మూటయా అని తెలిసికొనుట ఎట్లు?

ఈ ప్రశ్నతో మిమ్మును సైకిలు పందెమునకు తీసికొనిపోదలచితిని. సంఘపత్రికలో సైకిలు పందెమేమని పెద్దలు ముఖము చిట్లింపవలదు. పౌలు తానే కొరింథీయులకు వ్రాయుచు పరుగు పందెమును, ముష్టియుద్ధమును దృష్టాంతముగా తీసికొనెను. కొరింథు పట్టణమునకు దగ్గరనే రెండేండ్లకొకసారి అట్టి ఆటలు గొప్పగా జరుగుచుండెను గనుక అక్కడి విశ్వాసులకు అవి తెలిసిన సంగతులే. మనకు తెలిసినది సైకిలు. పాల క్యానులు అటొకటి ఇటొకటి తగిలించుకొని తెల్లవారుజామున బయలుదేరువాడు, క్యారియరుమీద పట్టుగూళ్ల మూట కట్టుకొని సంతకు పోవువాడు, బడికి పోవు పిల్లలు, వీరినందరిని మనమెరుగుదుము. మోటారు బండ్లు వచ్చి సైకిలును ప్రక్కకు నెట్టినవి గాని, చిన్ననాడు మోకాలు చీరుకొని దానిని నేర్చుకొనని వాడు మన పల్లెలలో అరుదు.

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పము వరకు పోవు దారిని మనస్సున తలచుకొనుడి. సముద్రమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తున నున్న మెట్టదేశమిది. నేల బల్లపరుపుగా ఉండదు; ఒక మిట్ట యెక్కి దిగునంతలో మరియొక మిట్ట ఎదురగును. ఆషాఢమాసములో నైరుతి గాలి వీచునపుడు దక్షిణముగా కుప్పము వైపు తొక్కువాడు ఛాతీమీద ఎవరో చేయి పెట్టి నెట్టుచున్నట్లు కష్టపడును. అట్టి దినమున ఇద్దరు కలిసి పోవుచున్నయెడల, వెనుకవాడు ముందువాని చక్రమునకు మూరెడు దూరములో అంటిపెట్టుకొని వచ్చినచో వాని కాళ్లకు ఎంతో తేలిక. ఇది పాలవానికిని తెలియును. శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూచిరి. సమమైన దారిమీద గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవువాని బలములో నాలుగింట మూడు వంతులకు పైగా గాలిని చీల్చుటకే ఖర్చగుచున్నది. వేగము రెండింతలైన గాలి అడ్డు నాలుగింతలగును. వెనుక నడుచువానికి ఆ ఖర్చులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు మిగులును. పెద్ద గుంపు నడుమనున్నవానికి ఇంకను ఎక్కువ మిగులును.

రోడ్డుమీద జరుగు సైకిలు పందెములలోని యుక్తియంతయు ఈ ఒక్క విషయమునుండి పుట్టినది. చూచువారికి నూరుమంది ఎవరికి వారు తొక్కుచున్నట్లు కనబడును. నిజమునకు వారు జట్లు జట్లుగా ఉందురు. ఒక జట్టులో ఐదారుగురు. వారిలో కొండయెక్కుటలో నేర్పరియైన వానిని ముందురాత్రి కూర్చుండి నాయకునిగా ఏర్పరచుకొందురు. తక్కినవారు వాని కొరకు పనిచేయుదురు. దారి సమముగా నున్నంతసేపు ఒకరి తరువాత ఒకరు ముందునకు వచ్చి గాలిని కాయుదురు. నాయకుడు వారి చాటున ఉండును. దప్పికైన ఒకడు వెనుకకు జారి నీళ్ల సీసాలు తెచ్చి అందించును. పరజట్టువాడెవడైన ముందునకు దుమికినచో, ఒకడు తన బలమంతయు పెట్టి వానిని తరిమి పట్టుకొనును. నాయకుని చక్రము పగిలిన తన చక్రము విప్పి యిచ్చును. కొండ మొదటికి వచ్చునప్పటికి ఆ సహాయకులలో సగముమంది అలసి వెనుకబడిపోవుదురు. పత్రికలలో వారి పేరుండదు.

ఇక్కడ మొదటి ప్రశ్న పుట్టుచున్నది. పరుని చాటున దాగి బలము దాచుకొని, తుదిలో వానిని దాటిపోయి గెలుచుట న్యాయమా? మన పెద్దలు వినినయెడల ఇది పరుల కష్టము తినుటయే యందురు. నేను అంత త్వరగా తీర్పు తీర్చను. వెనుకవాడు చాటున వచ్చుటవలన ముందువానికి ఒక రవ్వయు అదనపు శ్రమ లేదు. పైగా, వెనుక ఒకడు దగ్గరగా ఉన్నప్పుడు ముందువానికిని గాలి బిగువు ఇంచుక తగ్గునని కొలిచినవారు చెప్పుచున్నారు. మన చెట్టు నీడను నిలిచినవాడు చెట్టునకేమి నష్టము చేసెను? కాబట్టి చాటు తీసికొనుట దొంగతనము కాదు. తప్పు మరియొకచోట ఉన్నది. తన వంతు వచ్చినపుడు ముందునకు రాక, కాళ్లు నొచ్చుచున్నవని నటించి, ప్రతి మలుపునందును వెనుకకే జారువాడొకడుండును. పందెములలో తొక్కువారు అట్టివానిని ఎంత హీనముగా చూతురో చెప్పనలవి కాదు. ఆ గుంపులో వ్రాతపూర్వకమైన చట్టమేదియు వానిని ముందునకు రమ్మని బలవంతము చేయదు. అయినను అందరికి తెలియును.

అయితే ఒక సందర్భమున వెనుక కూర్చుండుటకు వానికి హక్కున్నది. ఇది వినుటకు వింతగా తోచును. వాని జట్టువాడే ఒకడు గుంపును విడిచి ముందు ఒంటరిగా పోవుచున్నాడనుకొనుడి. అప్పుడు ఆ వెంటాడు గుంపులో వీడు ముందునకు వచ్చి గాలి కాయనక్కరలేదు. తన సహోదరుని పట్టుకొనుటకు తానే సహాయము చేయుట ఏమి ధర్మము? అట్టివాడు ఊరకున్నయెడల ఎవరును తప్పెన్నరు. కాని వాడు ముందునకు వచ్చి కావలెనని వేగము తగ్గించి, దారికడ్డముగా నుండి, తాను పనిచేయుచున్నట్లు నటించినచో? దానినిగూర్చి తొక్కువారిలోనే రెండభిప్రాయములున్నవి. ఆట యుక్తియేనని కొందరందురు. నా మట్టుకు ఊరకుండుటకును నటించుటకును నడుమ గోడ యున్నదని తోచుచున్నది. ఊరకున్నవానిని చూచి పరులు తమ లెక్క తాము చేసికొందురు; నటించువాడు వారి లెక్కను తప్పుత్రోవ పట్టించుచున్నాడు.

ఇక కొండకు వత్తము. మదనపల్లె వారికి హార్స్లీ కొండ తెలియనిది కాదు. పూర్వము ఏనుగు మల్లమ్మ కొండయనిరి. దొరతనపు కాలమున కడప కలెక్టరైన హార్స్లీ దొర అక్కడ చల్లదనమునకు ఇల్లు కట్టుకొన్నందున ఆ పేరు వచ్చినది. నాలుగువేల అడుగులకు మించిన ఎత్తు. క్రిందినుండి చూచిన దారి పాము చుట్టలవలె కనబడును. ఒక పందెము కుప్పమునుండి బయలుదేరి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దాటి ఆ కొండమీద ముగియుననుకొనుడి. మదనపల్లె వరకు జట్టుగా వచ్చిరి. గాలిని పంచుకొనిరి. కొండ మొదలైన తోడనే వేగము గంటకు 30 నుండి పదికో, పండ్రెండుకో పడిపోవును. ఆ వేగమున గాలి అడ్డు లెక్కలోనికి రాదు. ఇప్పుడు వారిని వెనుకకు లాగునది వారి వారి శరీరపు బరువు. ముందు ఎవడున్నను, వెనుక ఎవడున్నను, నీ ఎముకలను, నీ మాంసమును నీ కాళ్లే పైకి మోయవలెను. చాటు అనునది లేదు. వెనుకనుండి చేయి వేసి నెట్టుట నిబంధనలు ఒప్పవు. సహాయకుడు చేయగలిగినదంతయు ప్రక్కన తొక్కుచు నడక చెడకుండ చూచుటయే, అదియు కొంతదూరమే.

పౌలు మాటలు రెండును నాకిక్కడ ఒకే దారిమీద కనబడుచున్నవి. మైదానమున ఒకని భారమును మరియొకడు మోయగలడు. కొండమీద ఎవని మూట వాడే. అయితే కొండయెక్కువాడు ఒంటరివాడు కాడు. వాని కాళ్లలోనున్న ఆ బలము ఎక్కడిది? నూరు కిలోమీటర్ల మేర ఇతరులు గాలికి ఎదురు నిలిచి వానికి మిగిల్చినది. కొండమీద చేయదగిన సహాయము కొండ రాకముందే చేయవలెను. కొండ మొదలైన పిమ్మట పరుగెత్తుకొని వచ్చి, నేను నెట్టెదనన్నవాని ప్రేమ ఎంత గొప్పదైనను ఆలస్యమైనది.

మన ప్రాంతమున దీనికి సాక్ష్యము కావలెనన్న ఆరోగ్యవరము దగ్గరనే యున్నది. క్షయరోగుల నిమిత్తము అనేక మిషనులు కలిసి 1915లో అక్కడ ఆసుపత్రి తెరచిరి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోడ్ మొల్లర్‌గారు దానికి మొదటి పెద్ద. వేరువేరు మిషనులు, వేరువేరు ఆరాధన క్రమములు. ఏ ఒక్కరును ఒంటరిగా అంతటి పని మోయలేరు గనుక గాలిని పంచుకొనిరని చెప్పవచ్చును. స్ట్రెప్టోమైసిను మొదలగు మందులు రాకముందు అక్కడి చికిత్సలో ముఖ్యమైనవి విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, నెలల తరబడి ఓర్పు. ఆ మంచముమీద రోగికి బదులుగా మరియొకరు పండుకొనలేరు. దగ్గు వానిది, రాత్రి చెమట వానిది, భయము వానిది. కాని ఇంటియొద్ద వాని మడి ఎవరు దున్నుచున్నారు? పిల్లలకు సంకటి ఎవరు పెట్టుచున్నారు? అప్పులవాడు గుమ్మములో నిలిచినపుడు ఎవరు మాటలాడుచున్నారు? ఆ సంగతులు సరిగా నడచుచున్నవని తెలిసిన రోగి నెమ్మదిగా పండుకొనును. తెలియనివాడు మంచముమీదనుండి లేచి నాగలి పట్టుటకు ఇంటికి పారిపోవును. వాని మూటను ఎవరును మోయలేదు. వాని భారమును మోసిరి, లేక మోయక విడిచిరి.

పొరుగువాని కష్టమును చూచి, ఇది వాడే మోయవలసినదని చెప్పి తలుపు వేసికొనువారికి ఐదవ వచనము మహా ఇష్టము. అట్లే ప్రతివాని మూటను లాగుకొని, నేను లేకపోయిన వానికి గతిలేదని తిరుగువారికి రెండవ వచనము ఇష్టము. మన సంఘములలో ఈ రెండు జాతులవారును ఉన్నారు. రెండవ జాతివారు ఎక్కువ గౌరవము పొందుదురు గాని ఎప్పుడును ఎక్కువ మేలు చేయుదురని నేననను. కొడుకునకు బదులు పరీక్షపత్రము వ్రాయింపజూచు తండ్రిని తలచుకొనుడి.

ఇంతవరకు జట్టుగానున్న వారిని చూచితిమి. జట్టు లేనివారు జట్టుగా నడచుటయు, గొప్ప జట్టు చెదరిపోవుటయు ఒకే దినమున జరిగిన సంగతి యొకటి యున్నది. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్ ఆటలలో స్త్రీల రోడ్డు పందెము 137 కిలోమీటర్లు జరిగినది. పట్టణమునుండి బయలుదేరి కొండదారుల గుండ, కగోసాకా కనుమ మీదుగా ఫ్యూజీ పర్వతపు ప్రాంతములోనున్న మోటారు పందెముల స్థలమున ముగియును. నెదర్లాండ్సు దేశమునుండి నలుగురు వచ్చిరి. నలుగురును లోకప్రసిద్ధులు, నలుగురిలో ఎవరైనను గెలువగలరు. ఆస్ట్రియా దేశమునుండి ఒక్కతె వచ్చెను. ఆమె పేరు అన్నా కీసెన్‌హోఫర్. గణితశాస్త్రములో డాక్టరు పట్టము పొంది అప్పుడు విశ్వవిద్యాలయములో పని చేయుచుండెను. అప్పుడు ఆమె జీతమిచ్చు జట్టు దేనిలోను లేదు. ఆ పందెములో ఆమె ఔత్సాహికురాలు. ఆమెకు నీళ్లందించు తోడు గాని, గాలి కాయు తోడు గాని లేదు.

పందెము మొదలైన తోడనే ఆమెయు మరి నలుగురును గుంపును విడిచి ముందునకు పోయిరి. వారు ఐదు దేశములవారు. ఇద్దరు త్వరలోనే వెనుకబడిరి. పోలెండు దేశపు అన్నా ప్లిఖ్తా, ఇశ్రాయేలు దేశపు ఓమెర్ షపీరా, కీసెన్‌హోఫర్, ఈ ముగ్గురు మిగిలిరి. ఒకరికొకరు పరాయివారు; పైగా ప్రత్యర్థులు. అయినను వంతులవారీగా గాలి కాచుకొనుచు గంటల తరబడి తొక్కిరి. వారికిని వెనుక గుంపునకును నడుమ పది నిమిషములకు మించిన యెడము ఏర్పడెను. 40 కిలోమీటర్లు మిగిలియుండగా, ఎత్తుబాటలో, ఆస్ట్రియా స్త్రీ తక్కిన ఇద్దరిని విడిచి ఒంటరిగా పోయెను. ఇది ద్రోహమా? కాదు. వారి ఒప్పందము సమమైన దారికే. కొండమీద ఎవరి కాళ్లు వారివేనని ముగ్గురికిని తెలియును.

వెనుక ఏమి జరుగుచుండెను? గొప్ప జట్టు తరుమునని తక్కిన దేశములవారు చూచుచుండిరి. ఆ గొప్ప జట్టులో, నేను తరిమినచో నా బలము ఖర్చగును, గెలుపు మరియొకతెకు పోవునను లెక్క ఉండియుండవచ్చును; అది వారి హృదయములను చూచి చెప్పుట కాదు, పందెపు నడకను బట్టి చెప్పుట. ఒలింపిక్ పందెమున చెవిలో వినిపించు రేడియోలు లేవు. ముందు ఎందరున్నారో వారికి సరిగా తెలియలేదు. చివరి కొద్ది కిలోమీటర్లలో ప్లిఖ్తాను, షపీరాను పట్టుకొని, అందరిని పట్టుకొంటిమనుకొనిరి. నెదర్లాండ్సువారిలో ఆన్నెమీక్ వాన్ వ్లూటెన్ గీత దాటుచు, తానే గెలిచితినని సంతోషముతో చేతులెత్తెను. అప్పటికి 1 నిమిషము 15 సెకండ్ల ముందే కీసెన్‌హోఫర్ గీత దాటి నేలమీద పడి ఊపిరి పీల్చుకొనుచుండెను.

పదిమందిలో పాము చావదని మనవారు ఊరక చెప్పలేదు. మన సంఘములో గుడి పెంకులు జారి వాన కారుచున్నపుడు నలుగురు పెద్దలుండి నలుగురును చూచుకొందురులే యనుకొన్నచో ఆ పెంకు అక్కడనే యుండును. బీదయైన విధవరాలు ఒక్కతె ఉన్న పల్లెలో ఆ పెంకు మరునాడే పైకెక్కును. బలవంతులు ఎక్కువైన జట్టులో సేవకు వంతు ఎవరిదో తెలియకపోవుట బలహీనత లేకపోవుటకంటె ప్రమాదమైనది.

ఇక బహుమానము ఎవనిది? పందెములో ఒక్కడే బహుమానము పొందునను లోకరీతిని పౌలును ఎరుగును. అయితే ఆ ఒక్కనికొరకు బలము పోసినవారి సంగతి యేమి? 1934లో ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు గొప్ప పందెములో రెనే వియెట్టో అను ఇరువదేండ్ల పడుచువాడు కొండలెక్కుటలో అందరిని మించియుండెను. వారు వేతనమునకు తొక్కువారే. అయినను ఈ సంగతి ఔత్సాహికులందరును చెప్పుకొందురు. వాని జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్య్. పిరెనీసు పర్వతములలో దిగుచు నాయకుని చక్రము చెడినది. వియెట్టో తన చక్రమును విప్పి యిచ్చి, మరియొక చక్రము వచ్చువరకు రోడ్డు ప్రక్క గోడమీద కూర్చుండి ఏడ్చుచుండెను. ఎవరో ఆ సమయమున ఫోటో తీసిరి. మరునాడు మరల అట్లే జరుగగా, ముందు పోవుచున్న ఆ పిల్లవాడు వెనుకకు తిరిగి, దిగిన కొండను మరల ఎక్కి, తన సైకిలునే నాయకునికిచ్చెను. మాన్య్ పందెము గెలిచెను. వియెట్టో ఐదవవాడాయెను, ఆ పందెమును జన్మలో ఎన్నడును గెలువలేదు.

ఆ కన్నీటినిగూర్చి కొందరు, మనస్ఫూర్తిగా ఇచ్చువాడు ఏడ్చునా యందురు. నాకట్లు తోచదు. చక్రము విలువ తెలిసినవాడు గనుకనే ఏడ్చెను. చిరునవ్వుతో ఇచ్చుటకు వానికి ఖర్చు లేనిదేదైన ఉన్నదా? ఏడ్చుచునే ఇచ్చెను, ఏడ్చి ఊరకొనలేదు, మరునాడు మరల ఇచ్చెను.

దావీదు కాలములోను ఈ బహుమానపు తగవు వచ్చినది. సమూయేలు మొదటి గ్రంథము ముప్పదియవ అధ్యాయము చూడుడి. అమాలేకీయులను తరుముచు పోవు ఆరువందల మందిలో రెండువందలమంది బెసోరు వాగునొద్ద అలసి నిలిచిపోయి సామానులయొద్ద ఉండిరి. నాలుగువందలమంది కొల్లసొమ్ముతో తిరిగివచ్చి, రానివారికి పాలు లేదనిరి. దావీదు ఒప్పక, సామానులు కాచినవానికిని యుద్ధమునకు పోయినవానికిని సమభాగమని కట్టడ చేసెను. సైకిలు జట్లలో గెలిచిన సొమ్మును అందరు పంచుకొను ఆచారము చాలచోట్ల నున్నది. నాయకుడే తన పాలును వదలుకొని సహాయకులకిచ్చుటయు కలదు. ఈ ఆచారము తెలిసినవాడు గాలికి ముందు నిలుచుటకు జంకడు.

సొమ్మునకంటె జ్ఞాపకము పంచుట కష్టము. 1948లో లండనులో జరిగిన ఒలింపిక్ ఆటలలో ఔత్సాహికుల రోడ్డు పందెమున, ఒక్కొక్క దేశపువారిలో ముందు వచ్చిన ముగ్గురి కాలమును కూడి జట్టు బహుమానము నిర్ణయించిరి. బెల్జియము దేశపు ముగ్గురు గెలిచిరి. కాని ఆ సంగతి వారికి తెలియకపోయెను. పతకములు పుచ్చుకొనకయే వెళ్లిపోయిరి. వారిలో యూజీన్ వాన్ రోస్‌బ్రూక్ అనువాడు తన బంగారు పతకమును 2010లో చేతబట్టుకొనెను. అరువదిరెండేండ్లు. ఒంటరిగా ముందు వచ్చినవానిని లోకము గీతయొద్దనే గుర్తించును. కూడిక లెక్కలో గెలిచినవారిని గుర్తించుటకు ఎవరైన కూర్చుండి లెక్క వేయవలెను.

మన ఇండ్లలో ఆ లెక్క వేసినవారు ఎందరు? నలుగురు బిడ్డలున్న ఇంటిలో ఒక్కని చదివింప శక్తియున్నది. అన్న ఐదవ తరగతితో మాని నాగలి పట్టును. అక్క బడి మాని, టమాటా తోటలో కూలికి పోయి, తమ్ముని ఫీజు కట్టును. తమ్ముడు మదనపల్లెలో చదివి, పిమ్మట బెంగుళూరు పోయి ఉద్యోగస్థుడగును. అతడు కష్టపడలేదని ఎవరనగలరు? రాత్రులు మేలుకొని చదివినది అతడే. పరీక్ష యను కొండను అతని బదులు ఎవరును ఎక్కలేదు. కాని కొండ మొదటికి అతడు అలసట లేక వచ్చెను. గాలికి ఎదురు నిలిచినవారు ఇద్దరు. ఊరిలో సన్మానము జరుగునపుడు పూలదండ ఒకటే యుండును.

పందెమునకును ఇంటికిని ఒక గొప్ప భేదమున్నది. దానిని దాచుట న్యాయము కాదు. జట్టులోని సహాయకుడు ముందురాత్రి కూర్చుండి, రేపు నేను గాలి కాచెదనని ఒప్పుకొనెను. కొన్ని పందెములలో వాడే నాయకుడగును, అప్పుడు ఇతరులు వానికి కాచెదరు. బడి మాన్పించిన అక్కను ఎవరడిగిరి? ఆమెకు వంతు ఎప్పుడు వచ్చును? అడిగి పుచ్చుకొనిన చాటు ఒకటి, అడుగక పుచ్చుకొనిన చాటు మరియొకటి. రెండవదానిని త్యాగమని పేరుపెట్టి వేదికమీద పొగడుటకు నాకు నోరు రాదు. అప్పు అని పేరు పెట్టుట మేలు. అప్పైన తీర్చు దారి యున్నది. ఆమె కుమార్తె ఫీజు ఉన్నది, ఆమె మోకాళ్ల నొప్పికి వైద్యమున్నది, పండుగకు ఇంటికి వచ్చినపుడు పదిమంది యెదుట ఆమెను ముందు కూర్చుండబెట్టి చెప్పదగిన మాట యున్నది. పంచుకొనని బహుమానమును దావీదు ఏమనియుండునో చదువరులే యూహింతురు గాక.

పందెమునుగూర్చి ఒక సంగతి మిగిలినది. గీతయొద్ద గుమిగూడినవారు మొదట వచ్చినవానిని చూచి ఇండ్లకు పోవుదురు. అప్పటికి కొండమీద దారి ఖాళీగా ఉండదు. అనేక దినములు సాగు పందెములలో ప్రతి దినమునకును ఒక గడువుండును. గెలిచినవాని కాలమునకు మించి ఇంతసేపటిలో రానివాడు మరునాడు బయలుదేరుటకు వీలులేదు. కాబట్టి ఉదయమంతయు గాలి కాచి అలసినవారు, నీళ్లు మోసినవారు, చక్రమిచ్చినవారు కొండ మొదట ఒకరి కొరకు ఒకరు ఆగి ఒక గుంపుగా కూడుదురు. అప్పుడు జట్టు భేదము లేదు. ఉదయము ఒకనినొకడు తరిమినవారే ప్రక్కప్రక్కను తొక్కుదురు. వారిలో అనుభవముగల పెద్దవాడొకడు గడియారము చూచుచు నడక నిర్ణయించును. అందరికంటె బలహీనుడు జారిపోకుండునంత నెమ్మది, గడువు దాటిపోకుండునంత త్వర. ముందు పోగలవాడును ముందు పోడు. ఒకడు వెనుకబడిన, ఎవరో తిరిగి చూచి ముందున్నవారికి కేక వేయుదురు, నడక ఇంచుక తగ్గును. ఎవని పెడలు వాడే తొక్కును. అట్లు వారందరు, బహుమానములు పంచిపెట్టుట ముగిసిన తరువాత, పొద్దు వాలుచుండగా, కలిసి పైకి వచ్చుదురు.